లైటు వెలిగితే చాలు

మానుకోట మ్యూజిక్ షాపులో దానియేలు తన బేస్ గిటారును పెద్ద ఆంప్లిఫయర్‌కు తగిలించి తీగ మీటాడు. గాజు తలుపు అదిరింది.

"గిదే తీస్కుందాం అక్కా. చర్చిల ఇగ నా గిటారును సౌండ్ మిక్సర్‌కు తగిలించే పనిలేదు."

చర్చి పాటల బృందం నడిపే ఎస్తేరు షాపాయన వైపు తిరిగింది. "చిన్నది చూపియ్యి. లైటు వెలిగితే చాలు."

"చిన్న స్పీకర్ బేస్‌కు ఆగదక్కా, పగుల్తది."

"పగలనీ. ఎవలు వింటరు?"

"ఆదివారం అందరు వింటలేరా?"

"గది నా కీబోర్డు, తమ్మీ. బేస్ గూడ ఎడమచేత్తోని నేనే వాయిస్త. నీ చప్పుడు మిక్సర్ల మొదటిసంది బందే. చర్చికి జాగ ఇచ్చింది మీ బాపు. నిన్ను వద్దనలేక ఊకున్నం."

దానియేలు నవ్వబోయాడు. వేలు మళ్లీ తీగ మీటింది. ఈసారి శ్రుతి తప్పడం అతనికీ వినిపించింది.

"చిన్నదే ఇయ్యన్నా," అన్నాడు.