ఏ తల్లి కన్నదో

పిడుగు కింద పడింది.

అసలు పేరు వేరే ఉన్నా, ఫుట్‌బాల్ మైదానంలో ఆ పిల్లని అందరూ పిడుగనే పిలుస్తారు. ఇంట్లోనూ అంతే. అలాంటి పిల్ల పడి లేవకపోయేసరికి, గట్టు మీద కూర్చున్న తల్లి గబుక్కున లేచి నిలబడింది.

బంతి కోసం దూసుకొచ్చిన అవతలి జట్టు పన్నెండో నంబరు పిల్ల మోకాలు, పిడుగు తొడకి గట్టిగా తగిలింది.

ఇద్దరు పట్టుకుని తెచ్చి బెంచీ మీద పడుకోబెట్టారు. తొడ ముందు భాగం అప్పుడే బిగుసుకుని ఉబ్బుతోంది.

"ఏం కాలేదు, కండ పట్టేసింది" అన్నాడు మేనమామ.

ఆయన బస్సు డ్రైవరు. ప్రపంచంలోని నొప్పులన్నిటికీ ఆయన దగ్గర ఒకటే మందు, జేబులోని ఘాటైన బామ్ డబ్బా.

"గట్టిగా రుద్దితే అదే లేచి పరిగెడుతుంది."

బామ్ చేతికి పట్టించి ఒక్క రుద్దు రుద్దాడో లేదో, పిడుగు కెవ్వుమంది.

"రుద్దకండి!"

ఎవరో ఆవిడ. పరిగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతోంది. చేతిలో ఐసు ముక్కల సంచి.

"మీరు డాక్టరా?" అన్నాడు మేనమామ.

"కాదండి."

"నర్సా?"

"కాదు."

"మరి మాకు చెప్పడానికి మీరెవరు?"

ఆవిడ ఐసు సంచి బెంచీ మీద పెట్టింది.

"మా ఇంట్లో ఒకరికి ఇలాగే తగిలితే మేమూ రుద్దాం, కాపడం పెట్టాం. గూడుకట్టిన నెత్తురు గట్టిపడి కండలో ఎముక పెరిగింది. మళ్లీ మోకాలు మడవడానికే ఏడాది పట్టింది."

ఏడాది అనగానే తల్లి ఉలిక్కిపడింది. వచ్చే నెలలోనే ఎంపిక పోటీలు. వాటికోసమే పిడుగు పగలూ రాత్రీ బంతితో కాపురం చేస్తోంది.

"చెయ్యి తియ్యి అన్నయ్యా" అంది.

ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని పిడుగు కాలు పట్టుకుంది.

"ఓర్చుకోగలిగినంతే మడుస్తాను. నొప్పనిపిస్తే చెప్పు తల్లీ."

మెల్లమెల్లగా మోకాలు మడిచింది. తొడ మీద గుడ్డ పరిచి ఐసు పెట్టింది. మెడలోని పొడవాటి నీలం స్కార్ఫ్ తీసి, మడిచిన కాలు మడిచినట్టే ఉండేలా చుట్టింది.

అప్పటిదాకా ఉగ్గబట్టుకున్న తల్లికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"ఏ తల్లి కన్నదోగానీ ఆ పన్నెండో నంబరుని! పిల్లని అచ్చోసి వదిలేసి, ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటుంది మహాతల్లి."

ముడి వేస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"బిగుతుగా ఉందా తల్లీ?" అని ఆవిడ పిడుగుని అడిగింది.

"లేదు ఆంటీ."

ఆవిడ లేచింది.

"రేపటిదాకా ఇలాగే ఉంచండమ్మా. మధ్యమధ్య ఐసు పెట్టి తీస్తుండండి. పాదం మొద్దుబారినా, నొప్పి పెరిగిపోతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఏమీ లేకపోయినా రేపు డాక్టరుకి చూపించండి."

"మీ స్కార్ఫ్..."

"కాలికే ఉండనీండి" అంటూ జనంలో కలిసిపోయింది.

మర్నాడు డాక్టరు తొడ, తుంటి, మోకాలు అన్నీ నొక్కి చూశాడు. స్కాన్ తీయించాడు.

"ఎముకలకేం కాలేదు. కండలో నెత్తురు చేరింది గానీ తక్కువే. ఎవరూ రుద్దలేదు కదా?"

"ఒక్క రుద్దు" అన్నాడు మేనమామ నేలచూపులు చూస్తూ.

"అక్కడితో ఆగారు, బతికించారు. మడిచి కట్టిందెవరు?"

"తెలీదండి" అంది తల్లి. "ఎంపిక పోటీలు..."

"చెప్పినట్టు వింటే ఆడుతుంది."

తల్లి వరండాలోకొచ్చి గోడకి చేరగిలబడింది.  నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఏ తల్లి కన్న బిడ్డో, ఆవిడ చల్లగా ఉండాలి" అంది.

ఇంటికొచ్చి స్కార్ఫ్ ఉతికి ఆరేసింది. ఆమె దర్జీ. ఒక మూల ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చ వెంటనే కంటబడింది. దాని మీద ఒక పువ్వు కుట్టేద్దామనుకుంది. ఎవరి వస్తువో ఏమో, అడక్కుండా చెయ్యి పెట్టడం బాగుండదని ఊరుకుంది.

ఎంపిక పోటీల రోజున పిడుగు మళ్లీ పిడుగులాగే పరిగెత్తింది. మేనమామ అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. డబ్బా తీసి గొంతుకే రాసుకున్నాడు.

తల్లి మాత్రం స్కార్ఫ్ ఒళ్లో పెట్టుకుని గట్టు మీది మొహాలన్నీ వెతికింది. ఆవిడ కనిపించలేదు.

విరామంలో ఎవరో ఎదురుగా వచ్చి నిలబడ్డారు. చూస్తే పన్నెండో నంబరు పిల్ల.

"ఆంటీ, పిడుగు కాలు పూర్తిగా తగ్గిపోయిందా? ఇవాళ అమ్మకి పని పడి రాలేకపోయింది. కనుక్కుని రమ్మని మరీమరీ చెప్పింది."

తల్లికి ఒళ్లు మండింది.

"ఇన్నాళ్లకా మీ అమ్మకి గుర్తొచ్చింది?" అంది పుల్లవిరుపుగా.

పిల్ల చూపు తల్లి ఒళ్లోని స్కార్ఫ్ మీద పడింది. వంగి, స్కార్ఫ్ మూల ఉన్న మచ్చని వేలితో తడిమింది.

"ఇది నేను ఇస్త్రీ చేస్తూ కాల్చిందే ఆంటీ, అయినా అమ్మ దీన్నే మెడలో వేసుకు తిరిగేది" అంది.