వంకర కుట్లు

"సూదిమందు ఎయ్యవా ఏటి?" అంది తాయారు.

బొబ్బిలికి దగ్గర్లో పల్లెటూరి ఆస్పత్రి. డాక్టరు సుహాసిని ఆమె చేతికున్న బీపీ పట్టీ విప్పుతోంది. మొగుడు పోయిన ఎనిమిది నెలల్లో తాయారు ఇక్కడికి రావడం ఇరవయ్యోసారి. నిద్ర లేదు, ఆకలి లేదు.

"ఇదివరకు ఏం పని చేసేదానివి పెద్దమ్మా?"

"సుట్టాలిళ్ల పెళ్లిళ్లకి అడ్డాకుల ఇస్తర్లు కుట్టీదాన్ని. ఆయన పోయినకాడి నుంచి ఆకు ముట్టుకోనేదు."

డాక్టరు చీటీ రాసింది. పైన పాత మాత్రలే. కింద ఇంకో ముక్క: 'మంగళ, శుక్రవారాలు పదింటికి, అంగన్‌వాడీ వరండాలో, లక్ష్మణమ్మకు విస్తర్లు కుట్టడం నేర్పాలి. మూడు నెలలు.'

"మందు రాయమంటే పని రాసినావేటమ్మా!"

"ఇదీ మందే. మానకుండా వాడాలి."

తాయారు గొణుక్కుంటూనే వెళ్లింది.

లక్ష్మణమ్మ ఏటి అవతలి ఊరి మనిషి. అరవై దాటాయి. వేళ్ల చివర్లు రాయిలా గట్టిపడి ఉన్నాయి. కలుపు తీసి తీసి అలా అయ్యాయనుకుంది తాయారు.

మొదటి రోజు లక్ష్మణమ్మ కుట్టిన విస్తరి ఒక పక్క గుంట, ఒక పక్క ఎత్తు, మధ్యలో చిల్లు.

"ఓలమ్మ! ఇందులో పెడితే కుక్క కూడా తినదు."

"నాకేటి తెలుసు అప్పా? నువ్వు సూపించు."

తాయారు లాక్కుని, పుల్లలన్నీ పీకి, మళ్లీ కుట్టింది. ఎనిమిది నెలల తర్వాత ఆమె చేతికి ఆకు తగిలింది.

శుక్రవారమూ వంకరే. మళ్లీ మంగళవారమూ చిల్లులే.

"నా వల్ల కాదప్పా, వదిలీ."

"వదిలీడానికా ఇంత దూరం నడిసొచ్చినాను? పులుసు పోస్తే సుక్క కారని ఇస్తరి నీ సేత కుట్టించకపోతే నా పేరు తాయారు కాదు!"

ఆ పంతం తాయారును కుదురుగా కూర్చోనివ్వలేదు. పొద్దున్నే లేచి ఆకుల మీద నీళ్లు చిలకరించేది. పుల్లలు సన్నగా చీల్చేది. ఇంటికొచ్చి ఆవురావురుమని తినేది. ఎలా చెబితే ఆ మనిషి బుర్రకెక్కుతుందా అని ఆలోచిస్తూనే నిద్రపోయేది.

మూడు నెలలు నిండాక డాక్టరు బీపీ చూసి నవ్వింది.

"తగ్గింది పెద్దమ్మా!"

"నాకు తగ్గినాది గానీ, దానికింకా రానేదమ్మా. ఇంకో నెల రాయి."

డాక్టరు రాసింది.

ఆ శుక్రవారం వరండాలో లక్ష్మణమ్మ లేదు. గుండె ఆగి పోయిందని నర్సు సింధు వచ్చి చెప్పింది.

పదకొండో రోజు భోజనాలకి తాయారు ఏరు దాటి వెళ్లింది. ఒక్క విస్తరైనా నేర్పలేకపోయానే అని దారి పొడుగునా కుమిలిపోయింది.

పంక్తిలో కూర్చుంది. ముందు విస్తరి వేశారు. గీసినట్టు గుండ్రంగా ఉంది. కుట్లు చీమకాళ్లంత సన్నం.

పులుసు పోశారు. చుక్క కారలేదు.

తాయారు విస్తరి అంచు వేలితో తడిమి చూసింది.

"ఇయ్యెవరు కుట్టినారమ్మా?" అనడిగింది, వడ్డిస్తున్న లక్ష్మణమ్మ కోడలు శైలజని.

"మా అత్తే పెద్దమ్మా, పోయే ముందు వారం కుట్టి ఉంచినాది," శైలజ కొంగుతో కళ్లొత్తుకుంది. "నలభై ఏళ్లుగా ఏటికి ఈ పక్కన ఏ పెళ్లికైనా మా అత్త ఇస్తర్లే కదా!"