ఈగ బారసాల

మనిషికి పేరు పెట్టడం కంటే ఈగకు పేరు పెట్టడం గంభీరమైన కార్యం. మనిషి తన పేరు నచ్చకపోతే మార్చుకుంటాడు. అదే పేరు వీధిలో మరో నలుగురికి ఉన్నా భూమి తలకిందులు కాదు. ఈగకు ఆ వెసులుబాటు లేదు. ఎవరు ముందు అచ్చు వేయిస్తే వారు పెట్టిన పేరే దానికి ఆచంద్రతారార్కం. వెనక వచ్చిన పేరు, దేవేంద్రుడు దిగివచ్చి పెట్టినా సరే, చెల్లదు.

ఈ సత్యం గురునాథానికి తెలిసినంతగా రాయ్‌పూర్‌లో మరెవరికీ తెలియదు. అందుకే ఆయన దేవేంద్ర నగర్‌లోని తన ఇంటి వరండాలో, చేమ మొక్క ముందు మోకరిల్లి, చేతిలో గాజుసీసాతో ఊపిరి బిగబట్టాడు. కూలర్ నుంచి కారే నీళ్లే ఆ మొక్కకు ఆధారం. దాని ఆకు మీద నువ్వుగింజంత ఈగ ఒకటి, పచ్చలు తాపిన నగలా మెరుస్తూ, సన్నని పొడుగుకాళ్ల మీద, పట్టాభిషేకానికి పిలుపు రాని యువరాజులా నిలబడి ఉంది. ముంగాళ్ల చివర నల్లని కుచ్చులు. అలాంటి కుచ్చులున్న పొడుగుకాళ్ల ఈగను గురించి ప్రపంచంలో ఇంతవరకు ఎవరూ రాయలేదు.

"పండరీ బజారుకు వెళ్దామంటే పొద్దుటే తయారై కూర్చున్నాను," అంది వెనక నుంచి ఆయన భార్య సుభద్ర. "ఈగలు రోజూ వస్తాయి. చీరల సేల్ రోజూ రాదు."

"ఇది మామూలు ఈగ కాదే. దీనికింకా పేరు లేదు."

"అయితే మీ పేరే పెట్టేసుకోండి. బస్, అంతే! పనైపోద్ది."

గురునాథం ఈగను సీసాలో బంధించి, అప్పుడు చెవులు మూసుకున్నాడు. "పాపం శమించుగాక! తన పెళ్లిలో తనే చదివింపులు చదివించుకున్నట్టుంటుంది. మా శాస్త్రంలో అంతకన్నా సిగ్గుమాలిన పని లేదు. ఇంకొకడు పెట్టాలి."

"పెట్టారా మరి, ఇంకొకళ్లెవరైనా?"

ఆయన సీసా మూత ఇంకాస్త బిగించాడు. కాలేజీలో జంతుశాస్త్రం చెబుతూ తల నెరిసిన ఆ పండితుడు గురువుగారి పేరు ఒక ఈగకు, ప్రిన్సిపాల్ పేరు ఇంకో ఈగకు, మామగారి పేరు ఒక జోరీగకు పెట్టాడు. ఆయన పేరు మాత్రం ఇంతవరకు ఏ పురుగూ మోయలేదు. లోపల తొలిచే బాధ అదొక్కటే.

అంతలో ఫోన్ మోగింది. బిలాస్‌పూర్ నుంచి మల్లేశ్వరరావు. ఇద్దరూ ఒకే రైల్వే క్వార్టర్లలో పెరిగారు, ఒకే శాస్త్రం చదివారు, ఒకరి వ్యాసాల్లో ఒకరు తప్పులు వెతుకుతూ స్నేహాన్ని పదిలంగా కాపాడుకున్నారు.

"ఏరా గురూ, మీ చేమాకు మీద పచ్చగా ఓ ఈగ వాలుతుంది, చూశావేటి?"

గురునాథం సీసాను చప్పున వెనక్కి దాచాడు. "నీకెలా తెలుసు?"

"నిరుడు ఎండల్లో మీ ఇంటికొచ్చినప్పుడు ఒకటి పట్టుకొచ్చాను కదా. కొత్త జాతిరా అది! పేపర్ రాసి పంపేశాను. వచ్చే నెల వస్తాది. అందాకా నువ్వు దాని జోలికెళ్లకు."

"నా ఇంటి ఈగ జోలికి నేను వెళ్లకూడదా?"

"అరె, ఒక్క నెలరా బాబూ!"

"ఎందుకో?"

"ఎందుకైతే ఏటి? నా మాట మీద ఆగలేవా?"

దొంగ తిరిగివచ్చి, నెల దాకా బీరువా తెరవొద్దని ఇంటాయన్ని బతిమాలినట్టుంది.

ఆ రోజు నుంచి గురునాథానికి కాలు ఒకచోట నిలిచింది లేదు. మైక్రోస్కోపు ముందు కూర్చుని ఈగ కాలి మీది వెంట్రుకలు గీసేవాడు, లేచి వీధి గేటు దాకా వెళ్లేవాడు, ఎందుకు వచ్చాడో మరిచి తిరిగివచ్చి గీసింది చెరిపేవాడు. క్లాసులో కప్ప బొమ్మకు రెక్కలు తగిలించాడు. నెలల తరబడి నానబెట్టే పెద్దపెద్ద పత్రికలకు దండం పెట్టి, చకచకా అచ్చు వేసే ఒక ఆన్‌లైన్ పత్రికను ఆశ్రయించాడు. వర్ణన పూర్తయింది. పేరొక్కటే మిగిలింది.

"నా పేరు మాత్రం వద్దండోయ్," అంది సుభద్ర ముందుజాగ్రత్తగా. "మా అక్కలు నవ్వుతారు."

గురునాథం ముఖం ఒక్కసారిగా వెలిగింది. "మల్లేశ్వరరావు పేరు పెడతాను!"

"ఆయన మీదే కదండీ కోపం?"

"కోపం కాబట్టే. ఇక జీవితాంతం వాడు ఆ ఈగ గురించి ఏం రాసినా నేను దయతలచి పారేసిన పేరే రాసుకోవాలి. ఓడినవాడికి శాలువా కప్పడం కన్నా గట్టి చెంపదెబ్బ ఉందటే?"

"ఇదేం కక్షండీ బాబూ! తిట్టాలనుంటే సీదాగా తిట్టేయొచ్చుగా."

గురునాథం వ్యాసం ముందే వెలువడింది. మల్లేశ్వరరావుకు ఆయన స్వయంగా ఒక ప్రతి పంపి, దెబ్బ చప్పుడు వినడానికి ఫోన్ పక్కనే కాచుకున్నాడు. వారం గడిచాక గాని అది మోగలేదు.

"నా పేరెట్టావేటిరా గురూ?" అన్నాడు మల్లేశ్వరరావు.

"చిన్నప్పటి స్నేహితుడివి కదా మరి," అన్నాడు గురునాథం, మాటకు తేనె పూసి.

అవతల ముక్కు చీదిన చప్పుడు. "ఇంత పెద్ద మనసు నీకుందనుకోలేదురా."

చెంపదెబ్బ చెంపకు తగలకపోవడం గురునాథానికి కొంచెం నిరాశ కలిగించింది. "నీ పేపరేమైంది?"

"ఇవాళే వచ్చింది. ఇంకేం లాభం? ఈగకు నువ్వు పెట్టిందే ఖాయం. నేను పెట్టింది రద్దు."

"అయినా పంపు, చూస్తాను," అన్నాడు ఆయన, విజేతలకే చెల్లే ఔదార్యంతో.

వ్యాసం వచ్చింది. గురునాథం కళ్లజోడు తుడిచి పెట్టుకుని, వరండాలోని ప్లాస్టిక్ కుర్చీలో సింహాసనం మీదలా వెనక్కి వాలి, భార్యను కేకేశాడు. "ఇలా రా! ఓడిపోయిన పేరు ఎలా ఉంటుందో చూద్దువు గాని!"

మల్లేశ్వరరావు ఆ ఈగకు పెట్టింది గురునాథం పేరు.