అన్నీ అడిగే ముసలాయన

సరస్వతికి గొంతు పూడుకుపోయింది. మంచినీళ్ళు కూడా దిగడం లేదు.

బులిలేకా చెరకు తోటల్లో, కూలీలు కాపురముండే లైన్ల చివరి గదిలో, ఆరేళ్ళ పిల్ల నోరు తెరిచి చొంగ కారుస్తూ ఊపిరి కోసం కొట్టుకుంటోంది.

తండ్రి రంగస్వామి గిరిమిట్ అనే కూలి ఒప్పందం మీద ఓడెక్కి ఫిజీకి వచ్చినవాడు. ఎండకీ సర్దారు తిట్లకీ ఎన్నడూ బెదరలేదు. ఈ గురక వింటుంటే మాత్రం బెదిరాడు. ఉన్నది ఒక్కతే పిల్ల.

కబురు పెడితే తోట ఆసుపత్రి నుంచి ఇద్దరు వచ్చారు. ఇద్దరూ ఫిజీవాళ్ళే.

ముందు నడిచే కుర్రాడు సెమీసీ. ఇస్త్రీ నలగని తెల్లకోటు. వెనక ఓ ముసలాయన. నడుముకు మట్టికొట్టుకుపోయిన గుడ్డ, కాళ్ళకు చెప్పుల్లేవు, చేతిలో మందుల సంచీ.

కోటున్నవాడు డాక్టరు, సంచీ మోసేవాడు నౌకరు. ఇందులో ఒకరు చెప్పాల్సిందేముంది?

సెమీసీ పిల్ల నోట్లోకి చూశాడు. ముసలాయన హిందుస్తానీలో అతన్ని అడగడం మొదలుపెట్టాడు. లైన్లలో అందరికీ తెలిసిన భాష అదే.

"వాపు ఏ పక్క?"

"ఎడమ పక్క."

"వేలితో నొక్కితే ఎట్లా ఉంది?"

"మెత్తగా ఉంది. చీము పట్టింది."

"అయితే ఏం చేయాలి?"

"కోసి చీము తీయాలి."

రంగస్వామి భార్య వెంకటమ్మ మొగుడి చెవిలో గొణిగింది. "ఈ ముసలాడికి ఒక్క ముక్కా తెలిసినట్టు లేదయ్యా."

రంగస్వామికీ అరికాలి మంట నెత్తికెక్కింది. వాళ్ళ ఊళ్ళో వైద్యుడు నాడి పట్టుకుంటే చాలు, రోగం పుట్టుపూర్వోత్తరాలన్నీ తనే చెప్పేవాడు. ఏమైందని అడిగాడంటే వాడు వైద్యుడే కాదు, జనం మళ్ళీ ఆ గడప తొక్కరు. ఇక్కడ పిల్లకు ప్రాణం మీదికొస్తే ఈ ముసలాడు పురాణం విప్పాడు.

"కత్తిని మరిగే నీళ్ళలో వేయాలి," అన్నాడు సెమీసీ.

"తాతా, ఆ ప్రశ్నలాపి వచ్చి పొయ్యి ఊదు," అంది వెంకటమ్మ.

సెమీసీ ఏదో అనబోయాడు. ముసలాయన చెయ్యెత్తి ఆపి, వెళ్ళి పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. పొగకు కళ్ళు నలుపుకుంటూ ఊదాడు. అయినా నోరు ఊరుకుందా?

"కత్తి ఎంత లోతు దిగాలి?"

"కొన మాత్రమే. మిగతాదానికి గుడ్డ చుడతాను."

"చీము బయటికొచ్చేటప్పుడు పిల్ల తల?"

సెమీసీ ఆగాడు. చుట్టిన గుడ్డ విప్పి మళ్ళీ చుట్టాడు. "ముందుకు వంచాలి. లేకపోతే ఊపిరిలోకి పోతుంది."

"మరి ఇంకా ఎందుకు ఆగడం?"

రంగస్వామి పిల్లను ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాడు. ముసలాయన లేచొచ్చి, ఎవరూ అడక్కుండానే పిల్ల తలను రెండు చేతులతో పట్టాడు. కత్తి లోపలికి వెళ్ళింది, వచ్చింది. తల ముందుకు వంగింది. చీమూ నెత్తురూ నేలమీద పడ్డాయి.

సెమీసీ గుడ్డతో పిల్ల నోరు తుడిచాడు.

అప్పుడు సరస్వతి ఏడ్చింది. గొంతెత్తి, లైనంతా వినిపించేట్టు ఏడ్చింది.

"అమ్మయ్య," అని వెంకటమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. రంగస్వామి పిల్ల వీపు నిమురుతూ తనూ ఏడ్చేశాడు. గుండెల మీది బండ దించినట్టయింది. కాసేపటికి పిల్ల గంజి తాగింది.

ఇక మర్యాదలు. ఇంట్లో ఉన్న ఒక్క పెట్టె మీద సెమీసీని కూర్చోబెట్టి, ఇత్తడి గ్లాసులో టీ ఇచ్చారు. ముసలాయనకు గడప బయట, కొబ్బరి చిప్పలో.

సెమీసీ పెట్టె మీద ముళ్ళున్నట్టు కదిలాడు. ముసలాయన మాత్రం ఊదుకుంటూ తృప్తిగా తాగాడు.

మనసు తేలికపడేసరికి రంగస్వామికి నోరూ తేలికైంది.

"తాతా, ఇంత వయసొచ్చీ ఏమీ తెలియకపోతే ఎట్లా? ఈ బాబు పక్కనుండి నాలుగు ముక్కలు నేర్చుకో."

"నేర్చుకుంటూనే ఉన్నాను," అన్నాడు ముసలాయన.

పోతూ పోతూ పిల్ల దగ్గర వంగి ఇంకోటి అడిగాడు. "మింగితే నొప్పుందా, అమ్మా?"

పిల్ల లేదని తలూపింది. ముసలాయన బోసినోటితో నవ్వుకుంటూ సంచీ ఎత్తుకున్నాడు.

ఆదివారం రాగానే రంగస్వామి కోడిపెట్టను చంకన పెట్టుకుని ఆసుపత్రికి బయలుదేరాడు. ముందు సరస్వతి గెంతుకుంటూ పోతోంది. అక్కడ సెమీసీ ఒక్కడే ఉన్నాడు.

"అంతా మీ చేతి చలవ, డాక్టరు బాబూ. మీ ముసలాయన ఏడీ?"

"సువా పట్నం వెళ్ళిపోయాడు. నిన్ననే ఓడెక్కాడు."

"పోనీలెండి, మీకు పోరు తప్పింది. ఊరికే అడిగి ప్రాణం తీసేవాడు."

సెమీసీ కోడిని అందుకోలేదు.

"నేను మనిషి మీద కత్తి పెట్టడం ఆ రోజే మొదలు, రంగస్వామి భాయ్. ఆయన ఒక్కొక్కటీ అడుగుతుంటేనే నా చెయ్యి నిలిచింది."

రంగస్వామికి అంతుపట్టలేదు. "ఏమీ తెలియనివాడు అడిగితే మీకేం బలం?"

"ఆయన పాఠం చెప్పేదే అట్లా," అన్నాడు సెమీసీ. "డాక్టర్లను తయారుచేయడంలో ఈ దీవుల్లో ఆయన్ని మించినవాడు లేడని రేపు సువాలో గవర్నరు దొర పతకం వేస్తున్నది, మీ ఆవిడ పొయ్యి ఊదమన్న ఆ తాతకే."