పిల్లిని పులిని చేసిన సారు

పక్కింటావిడకు వాళ్ళాయన చెప్పాడట. ఆవిడ పిట్టగోడ మీద మోచేతులు ఆనించి డిప్యూటీ డైరెక్టర్ గారి భార్య చెవిన వేసింది. ఆమె అన్నంతోపాటు ఆ మాటనూ డిప్యూటీకి వడ్డించింది.

"మీరు పిల్లిని పట్టుకుని పులిని చేశారటగా! ఆఫీసంతా అదే మాటట. పై అంతస్తు కుర్చీ ఈసారి మీదేనట."

డిప్యూటీకి అక్కడికే సగం కడుపు నిండింది.

సంగతేమంటే, ఆరు నెలల కిందట పైనుంచి ఒక సర్క్యులర్ దిగింది. ప్రతి డిప్యూటీ తన కింద పనిచేసేవాళ్ళలో ఒకరిని ఎంచుకుని, చేయి పట్టి నడిపించి, రేపటి నాయకుడిగా తీర్చిదిద్దాలి. ఎవరి శిష్యుడు కమిటీ ముందు నెగ్గితే ఆ గురువుకు జాయింట్ డైరెక్టర్ పదవి. దానికోసం డిప్యూటీ పదకొండేళ్ళుగా కొంగలా కాచుకుని ఉన్నాడు. ఈసారీ తప్పిపోతే ఇక మెడలో పడేది రిటైర్మెంట్ దండే.

మిగతా డిప్యూటీలు చురుకైనవాళ్ళను ఏరుకున్నారు. మనవాడి ఎత్తు వేరు. చురుకైనవాడు పైకొస్తే వాడి తెలివి అంటారు. మొద్దును పైకి తెస్తే గురువు గొప్ప అంటారు. అందుకని వెతికి వెతికి 'చిత్తం'ను పట్టుకున్నాడు.

చిత్తం అనేది ఆ గుమాస్తాకు ఆఫీసు పెట్టిన పేరు. పన్నెండేళ్ళ సర్వీసులో అతని నోట మరో మాట విన్న పాపాన ఎవరూ పోలేదు. కుర్చీలో కుక్కిన పేనులా ఉండేవాడు. డిప్యూటీ దగ్గితే లేచి నిలబడేవాడు. తుమ్మితే తలుపు తీసేవాడు. రోజూ మూడింటికి డిప్యూటీ గారి పాపను బడి నుంచి ఇంటికి చేర్చేదీ అతనే.

సోమవారం మొదటి పాఠం. నాయకుడంటే ఎవరు, ఎలా నడవాలి, ఎలా నవ్వాలి, తాను ఈ స్థాయికి ఎలా వచ్చాడు, అన్నీ కలిపి డిప్యూటీ మూడు గంటలు చెప్పాడు. చిత్తం రెప్ప వేయకుండా విన్నాడు.

మంగళవారం మూడింటికి డిప్యూటీ కేకేశాడు.

"పాపను తీసుకురావయ్యా, బడి వదిలేస్తారు."

"కుదరదు సారూ. అది నా పని కాదు."

డిప్యూటీకి కోపం ముక్కు కొసకు వచ్చి ఆగింది. ఇంత తొందరగానా! 'కాదని చెప్పడం నేర్చుకున్నాడు' అని నివేదికలో రాసుకుని, పాపకోసం తనే పరుగెత్తాడు.

ఆ తర్వాత ఇక పట్టపగ్గాలు లేవు. మూడు నెలలుగా ఒక ధ్రువపత్రం కోసం తిరుగుతున్న ముసలామెను చిత్తం తన కుర్చీలో కూర్చోబెట్టి, తాను నిలబడి పది నిమిషాల్లో పని ముగించాడు. సిఫారసు ఉత్తరం ఊపుకుంటూ వచ్చిన పెద్దమనిషికి వరస చివర చూపించాడు. పైవాళ్ళ సమావేశంలో అందరూ "పని చివరి దశలో ఉందండీ" అంటుంటే వెనక బెంచీ నుంచి లేచి, "ఇంకా మొదలే పెట్టలేదండీ" అన్నాడు. డైరెక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ అతన్ని చూశాడు.

పెద్ద గుమాస్తా ఆవిడకు ఇదేమీ మింగుడుపడలేదు. ఒకరోజు డిప్యూటీ గదిలోకి వచ్చింది.

"సారూ, మీరు ఎదురొచ్చినా లేవడం లేదు ఆ మనిషి."

"ఆత్మవిశ్వాసం అమ్మా అది."

"ఐదు కొట్టగానే సంచి భుజాన వేసుకుంటున్నాడు."

"సమయపాలన!"

"నిన్న నలుగురిలో, 'సారుకు పని తప్ప అన్నీ వచ్చు' అన్నాడండీ."

డిప్యూటీ కలం ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత 'నిష్పక్షపాత దృష్టి' అని రాసింది.

"మీ ఓపికకు దండం" అని ఆవిడ వెళ్ళిపోయింది.

అలా వారానికో నివేదిక, ఒక్కోటి మూడు ప్రతులు. ఒక్క చిత్తం మీదే రెండు ఫైలు అట్టలు నిండాయి. శిష్యుణ్ణి తయారుచేసే హడావిడిలో డిప్యూటీ వేరే ఏ కాగితం ముఖమూ చూడలేదు. మిగతా డిప్యూటీలు దారి కాచి అడిగేవారు, ఏం మంత్రం వేశావయ్యా అని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

కమిటీ రోజు రానే వచ్చింది. బల్లకు అవతల ముగ్గురు. మధ్యలో డైరెక్టర్. గోడ వారన గురువులంతా వరసగా కూర్చున్నారు. శిష్యులు ఒక్కొక్కరే వచ్చి చిలకల్లా అప్పజెప్పారు. అందరి విజయానికీ కారణం గురువుగారి దయే. డైరెక్టర్ రెండుసార్లు ఆవలించాడు.

చివర్న చిత్తం వచ్చాడు. రమ్మనకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డైరెక్టర్ నిటారుగా సర్దుకున్నాడు.

"ఇతనేనా? ఆ సమావేశంలో లేచినవాడు?"

"ఇతనేనండీ" అన్నది పక్కనున్న సభ్యురాలు. ఆవిడ రెండు అట్టల నివేదికలూ పక్కకు జరిపింది. "ఇవన్నీ చదివానయ్యా. ఇక ఒకే ప్రశ్న. పన్నెండేళ్ళు నోరెత్తని మనిషివి. ఇంత ధైర్యం నీకెక్కడిది? మీ సారు చెప్పిన ఏ పాఠం నిన్నింత మార్చింది?"

గోడ వారన డిప్యూటీ కాలరు సర్దుకున్నాడు. పక్క కుర్చీలోని పక్కింటి డిప్యూటీ మోచేత్తో పొడిచి, "స్వీట్లు ఎప్పుడు?" అని గుసగుసలాడాడు.

చిత్తం ఒకసారి వెనక్కి తిరిగి గురువును చూశాడు. మళ్ళీ ముందుకు తిరిగాడు.

"పాఠం కాదు మేడం, ఆ మొదటి క్లాసు విన్న సాయంత్రమే రాజీనామా రాసి సారు బల్లమీద పెట్టాను, ఆరు నెలలైనా ఆయన సంతకం పెట్టక ఇంకా ఆఫీసుకు వస్తున్నాను."