తనకన్నా తక్కువ చదివిన మనిషి

విమల్‌కు తనకన్నా తక్కువ చదివిన మనిషి ఒకరు అర్జెంటుగా కావలసి వచ్చారు.

రూలు అలాంటిది. చెయ్యి విరిగినవాడు పరీక్షలో జవాబులు చెప్పి ఇంకొకరి చేత రాయించుకోవచ్చు. రాసేవాళ్ళు మాత్రం వాడికన్నా ఒక మెట్టు తక్కువే చదివి ఉండాలి. విమల్‌కన్నా తక్కువ తెలిసిన మనిషిని ఎక్కడని వెతకడమని స్నేహితులు తలలు పట్టుకున్నారు.

బీఏ సోషియాలజీ, ఆఖరి పేపరు. పాసైతే ఎంఎస్‌డబ్ల్యూ పీజీ సీటు చేతిలో ఉన్నట్టే. ఆ సంబరంలోనే పుదుచ్చేరి బీచ్ రోడ్డులో బైకు ముందు చక్రం గాల్లోకి లేపి క్లాస్‌మేట్ అనుప్రియకు చూపించబోయాడు. అనుప్రియ అటు తిరిగి ఐస్‌క్రీం కొనుక్కుంటోంది. కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది.

కాలేజీ వాళ్ళే కురుచికుప్పం నుంచి ఒకావిడను పిలిపించారు. పేరు కనగం. నలభై దాటిన మనిషి. వెలిసిపోయిన చీర, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో మూడు పెన్నులు.

"ఏం చదివినావు?" అన్నాడు విమల్.

"ప్లస్ టూ, తమ్ముడూ. మీరు మనోళ్ళేనా? ఇంట్లో తెలుగేనా?"

"అదంతా ఇప్పుడెందుకు? రాసేది వచ్చునా?"

"శానా ఏండ్లుగా రాస్తా ఉండా. కండ్లు లేని పిల్లోళ్ళకి, చెయ్యి బాగలేనోళ్ళకి."

ఆమె పెన్ను ఎడమచేతిలోకి తీసుకుంది.

"బాగుంది! ఇద్దరికీ కలిపి ఒక కుడి చెయ్యి కూడా లేదు," అన్నాడు.

కనగం నవ్వింది. అతను నవ్వించడానికి అనలేదు.

వేరే గదిలో కూర్చోబెట్టారు. గుమ్మం దగ్గర ఇన్విజిలేటర్ పట్టాభిరామన్ సార్ కుర్చీలో ఫోను చూసుకుంటున్నారు. విమల్ చెప్పడం, ఆమె రాయడం. అక్షరాలన్నీ ఎదురుగాలికి వాలినట్టు ఎడమకు వాలి, ఒకే వరసలో నడిచాయి. పదకొండు పేజీలు ఇట్టే నిండాయి.

తర్వాత ఇరవై మార్కుల ప్రశ్న. విమల్ మొహం వెలిగింది. ఒర్లియంపేట జెరాక్స్ షాపులో కొన్న టైపు నోట్సులోంచి అది అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టాడు.

"రాయి. అస్క్రైబ్డ్ స్టేటస్ అంటే మనిషి కష్టపడి తెచ్చుకునే హోదా. అచీవ్డ్ స్టేటస్ అంటే పుట్టుకతో వచ్చేది."

పెన్ను ఆగింది.

"ఏంది?"

"ఇంకొకసారి చెప్పు, తమ్ముడూ."

చెప్పాడు. పెన్ను కదల్లేదు.

"టైముంది. నిదానంగా ఆలోచన చేసి చెప్పు."

విమల్‌కు చెవులు వేడెక్కాయి.

"నేను చెప్పింది రాసేదే నీ పని. ప్లస్ టూ చదివి నాకు సోషియాలజీ నేర్పిస్తావా?"

"నేర్పించలేదు నాయనా. ఒకే ఒక్కసారి..."

"సార్! ఈమె నాకు ఆన్సర్ అందిస్తా ఉంది!"

పట్టాభిరామన్ సార్ ఫోను జేబులో పెట్టుకుని వచ్చారు.

"ఏమ్మా, చెప్పినావా?"

"చెప్పలేదు సార్. ఆగినాను, అంతే."

"ఆగేదానికి రూల్లో చోటు లేదమ్మా."

ఫిర్యాదు కాగితం ఆయనే రాశారు. బీఏ చివరి సంవత్సరం విద్యార్థి విమల్ కింద ఎడమ బొటనవేలి ముద్ర వేశాడు. రాసిపెట్టేవాళ్ళ జాబితాలో కనగం పేరు మీద గీత పడింది.

"రేపు ప్రీతికకి పరీక్ష ఉంది సార్. కండ్లు లేని పిల్ల. నేను రాస్తేనే దానికి ధైర్యం. అదొక్కటి రాసిపెట్టి మానుకుంటా."

"కుదరదు."

"పుదుచ్చేరిలో రాసేవాళ్ళకి కరువా?" అన్నాడు విమల్.

ఆమె రెండు పెన్నులు కవర్లో వేసుకుంది. మూడోది బల్ల మీదే వదిలింది.

"ఇది బాగా రాస్తాది. పెట్టుకో."

ఆఫీసులో పనిచేసే అయ్యనార్‌ను తెచ్చి కూర్చోబెట్టారు. పదో తరగతి. ఏం చెప్పినా ఆగకుండా రాశాడు. కాకపోతే ప్రతి మాటకూ స్పెల్లింగ్ అడిగాడు. మర్నాడు ప్రీతికకూ అతనే రాశాడు.

విమల్‌కు ముప్పై ఏడు వచ్చాయి. నలభై రావాలి. సీటు ఎవరికో పోయింది.

జవాబు పత్రం కాపీ తెప్పించుకుని చూస్తే ఇరవై మార్కుల ప్రశ్నకు సున్నా. ఆ కాగితాలు పట్టుకుని జెరాక్స్ షాపు మీదికి వెళ్ళాడు.

"నీ నోట్సు నమ్మి మునిగినా అన్నా!"

షాపాయన జయప్రకాశ్ ఆ ప్రశ్న విని నాలుక కొరుక్కున్నాడు.

"టైపు కొట్టినోడు రెండిట్నీ తారుమారు చేసినాడప్పా. ఒరిజినల్‌లో కరెక్టుగా ఉంటాది."

సొరుగులోంచి అట్ట ఊడిపోయిన పాత నోటుబుక్కు తీశాడు.

"ఎవరో కాలేజీ పిల్ల. స్నేహితురాలికి కాపీ తియ్యమని ఇచ్చి పోయింది. పరీక్షల ముందు వారమే పెండ్లి చేసినారంట. పరీక్షా రాయలా, నోటు కోసమూ రాలా. ఇరవై ఏండ్లుగా ఊరంతా దీంతోనే పాసైతా ఉంది. మీ పట్టాభిరామన్ సార్ కూడా ఇదే చదివినాడు."

"సరే, నాకు ఒరిజినలే కాపీ తియ్యి," అన్నాడు విమల్, తన కాగితాలు కౌంటరు మీద విసిరేసి.

మిషను కాగితాలను ఒక్కొక్కటే కక్కింది. ఫ్యాను గాలికి విమల్ కాగితాలూ నోట్సు కాపీలూ అన్నీ కలిసి నేల మీద పడ్డాయి.

జయప్రకాశ్ వంగి ఏరాడు. అయ్యనార్ రాసిన పేజీలు వేరుచేసి, "ఇవి నీవి" అని విమల్ చేతిలో పెట్టాడు.

ఎడమకు వాలిన అక్షరాలున్న పేజీలన్నీ, జవాబు పత్రంలోని ఆ పదకొండూ కలిపే, ఆ కాలేజీ పిల్ల నోట్సని ఒకే కట్టగా పేర్చి పిన్ను కొట్టాడు.