నవ్వు అడ్డొచ్చిన రొట్టె

“ముట్టుకోకమ్మా! ఎవరు నువ్వు?”

ఇష్బెల్ అరిచిన అరుపుకి ఊరి హాలంతా మారుమోగింది.

వానలో తడిసి లోపలికొచ్చిన ఆ పెద్దావిడ మాత్రం తాపీగా పిండిముద్దలో వేలు పెట్టి నాకింది.

“మధ్యాహ్నం పడవకి పోయేదాన్నే. చలేసింది, పొయ్యి కనబడింది, వచ్చాను. ఉప్పు సరిపోయిందిలే.”

“నిన్నెవరడిగారు?”

ఇష్బెల్ చిరాకు ఇష్బెల్‌ది. ఆ రోజు సెయింట్ మైకేల్ పండగ. స్కాట్లాండ్‌లోని ఉయిస్ట్ దీవిలో ఊరందరికీ కలిపి ఒక పెద్ద స్ట్రూవన్ రొట్టె కాలాలి. ఓట్స్, బార్లీ, రై, పొలంలో పండిన ప్రతి గింజా అందులో పడాలి. రొట్టె పగిలిందంటే కాల్చిన మనిషికి ఏడాదంతా అరిష్టం. ఇష్బెల్ చేతిలో అది ఏటా పగులుతూనే ఉంది.

ఈసారీ పగిలితే వచ్చే ఏడాది నుంచి బేకరీ కేకు తెప్పిస్తామని ఊరివాళ్ళు తేల్చి చెప్పేశారు.

“కేకు కోసేది కూడా ఒక పండగేనా!” అని ఇష్బెల్ పొద్దుటి నుంచీ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

“పగలకుండా ఎలా కాల్చాలో ఎవరూ చెప్పలేదా?” అడిగింది పెద్దావిడ.

“షోనాగ్ ముసలమ్మకి తెలుసు. ఆవిడ ఏనాడో పోయింది. చెప్పిందంతా టేపులో ఉంది. తీరా రొట్టె మీద పూత దగ్గరకొచ్చేసరికి...”

“పక్కన మనవరాలు నవ్వుతుంది!” ఇష్బెల్ చెల్లెలు పేగి అందుకుంది. “ముసలమ్మ మాట ఒక్కటి వినబడి చస్తేనా! ఆ నవ్వు ఆగేసరికి రొట్టె కాలడం కూడా అయిపోతుంది.”

“ఆ కోతిపిల్ల కెనడా పోయి బతికిపోయింది. నా చేతికి దొరికిందా, చెవి మెలిపెట్టి వదుల్తాను!” అంది ఇష్బెల్.

“మెలిపెట్టాల్సిందే!”

అని పెద్దావిడ పకపకా నవ్వింది. నవ్వు చివర ఎక్కిలిలా ఒక చిన్న కీచు.

ఇష్బెల్ రొట్టె తట్టి పూత మొదలెట్టింది.

“అబ్బ, అంత మందంగా పూస్తే పగలక ఏం చేస్తుంది? ఇలా తే.”

ఇష్బెల్ చేతిలోని పుంజు ఈక లాక్కుంది. గుడ్డూ మీగడా కలిపిన పూత పల్చగా రాసింది. రొట్టెను మంటకెదురుగా రాతికి ఆనించింది.

“ఇంకో పూత రాసెయ్ త్వరగా!” తొందరపెట్టింది ఇష్బెల్.

“ఆరనీ.”

“ఎంతసేపు?”

పెద్దావిడ ఇంకో పొడి ఈక తీసి ఇష్బెల్ మెడ మీద గిలిగింతలు పెట్టింది.

“అమ్మో! వద్దు! ఏయ్!”

ఇష్బెల్ మెలికలు తిరిగిపోయింది. పేగి పడీపడీ నవ్వింది. నవ్వులు ఆగేసరికి పూత ఆరింది. మళ్ళీ పూత, మళ్ళీ గిలిగింతలు. ఈసారి పేగి వంతు.

రొట్టె బంగారు రంగు తిరిగి, ఒక్క బీట కూడా లేకుండా దిగింది!

అక్కాచెల్లెళ్ళిద్దరూ చేతులు పట్టుకుని హాలంతా గంతులేశారు.

రేవులో పడవ కూసింది.

“వస్తానమ్మా.”

పెద్దావిడ తలకు కట్టుకున్న స్కార్ఫు చెవి మీంచి వెనక్కి తోసి, తల పక్కకి వంచి ఇష్బెల్ ముందు నిలబడింది. కదలదు. కళ్ళలో మాత్రం ఏదో కొంటెతనం.

ఇష్బెల్‌కి ప్రేమ పొంగుకొచ్చింది. ఆ చెంప మీద గట్టిగా ఒక ముద్దు పెట్టింది.

“ఇదీ బాగానే ఉంది,” అంటూ ఆవిడ వానలోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఊరంతా చేరింది. ఇక కేకు మాట ఎవరూ ఎత్తలేదు. రొట్టె కోసేముందు అలవాటు ప్రకారం టేపు పెట్టారు.

“పూత పూశాక...” అంది షోనాగ్ ముసలమ్మ.

పక్కన చిన్నపిల్ల విరగబడి నవ్వింది.

“ఇదిగో, మొదలెట్టింది కోతిపిల్ల!” అన్నారెవరో.

“ఉష్, ఉండండి!” అంది ఇష్బెల్.

నవ్వు చివర ఎక్కిలిలా ఒక చిన్న కీచు.

ఇష్బెల్ రేవుకేసి పరిగెత్తింది. సముద్రం మీద పడవ జాడ కూడా లేదు. నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే చతికిలబడింది.

ఆవిడ తల వంచింది ముద్దు కోసం కాదు, చెవి కోసం.